ఇంటి ఆఫీసుకు స్పీకర్ ఉన్న ల్యాండ్‌లైన్ ఫోన్: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

ఫైబర్ ఇంటర్నెట్ వచ్చాక ల్యాండ్‌లైన్ మళ్ళీ ఇళ్ళలోకి వచ్చింది. బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్, ఏపీ ఫైబర్‌నెట్, వీటిలో ఏది పెట్టించుకున్నా కనెక్షన్‌తో పాటు ఓ ల్యాండ్‌లైన్ నంబరు కూడా ఇస్తుంటారు. చాలామంది దాన్ని పట్టించుకోరు. మోడెం వెనక ఫోన్ సాకెట్ ఖాళీగానే ఉండిపోతుంది. ఇంట్లోనే ఓ గదిని ఆఫీసు చేసుకుని పనిచేసేవాళ్ళకు మాత్రం ఆ నంబరు చాలా పనికొస్తుంది. జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్ళు, ఎల్ఐసీ ఏజెంట్లు, హోమియో డాక్టర్లు, ట్యూషన్ సెంటర్లు నడిపేవాళ్ళు, ఎవరికైనా సరే. సెల్ నంబరు ఇస్తే రాత్రి పదింటికి కూడా మోగుతూనే ఉంటుంది. ల్యాండ్‌లైన్ నంబరు ఇస్తే పగలే చేస్తారు. విజిటింగ్ కార్డు మీద 040తోనో 0866తోనో మొదలయ్యే నంబరు కనిపిస్తే, ఈయనకో చోటుంది, వెళ్తే దొరుకుతాడు అన్న నమ్మకం కూడా కలుగుతుంది.

ఇక ఫోన్ కొనాలి. స్పీకర్ ఉన్నదే కొనాలని అందరూ అనుకుంటారు, అది సరైన ఆలోచనే. అవతలివాళ్ళు ఇన్‌వాయిస్ వివరాలు చెబుతుంటే రెండు చేతులతో టాలీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకోవచ్చు. బ్యాంకు కస్టమర్ కేర్ వాళ్ళు అరగంట సేపు పాట వినిపిస్తుంటే రిసీవర్‌ను మెడకింద ఇరికించుకుని కూర్చోనక్కర్లేదు. అయితే స్పీకర్ ఉన్న ఫోన్లన్నీ ఒకటి కాదు. డబ్బు వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే.

వినిపించే స్పీకర్ వేరు, మాట్లాడే స్పీకర్ వేరు

చవక ఫోన్లలో కొన్నిటికి స్పీకర్ ఒక్కటే ఉంటుంది, దానికి జోడీగా మైకు ఉండదు. బటన్ నొక్కితే డయల్ టోన్ వినిపిస్తుంది, నంబరు కొట్టొచ్చు, అవతలివాళ్ళు ‘హలో’ అనడమూ వినిపిస్తుంది. మీ మాట మాత్రం వాళ్ళకు చేరదు. రిసీవర్ ఎత్తాల్సిందే. పెట్టె మీద ‘ఆన్ హుక్ డయలింగ్’ అనో ‘హ్యాండ్స్ ఫ్రీ డయలింగ్’ అనో మాత్రమే రాసి ఉందంటే అది ఈ రకం కావచ్చని అనుమానించండి. ‘టూ వే స్పీకర్ ఫోన్’ అని స్పష్టంగా రాసి ఉంటేనే రెండు వైపులా మాట నడుస్తుంది. పానసోనిక్ ఫోన్లలోనైతే బటన్ చూసే పోల్చుకోవచ్చు. ‘ఎస్పీ-ఫోన్’ అని ఉంటే మాట్లాడొచ్చు, ‘మానిటర్’ అని ఉంటే వినడానికే.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈ తేడా మరీ కలిసిపోతుంది. పేరులో ‘స్పీకర్ ఫోన్’ అని పెట్టి, కింద వివరాల్లో ఇంకో మాట రాస్తారు. ఫోటోను పెద్దది చేసి, ఫోన్ ముందు అంచున చిన్న మైకు రంధ్రం ఉందేమో చూడండి. సాధారణంగా అది అంకెల బటన్ల కింద, టేబుల్ వైపున్న అంచుకు దగ్గరగా ఉంటుంది. అది కనిపించక, వివరాల్లో ‘టూ వే’ అన్న మాటా లేకపోతే వదిలేయండి.

ఊఁ కొట్టే అలవాటుకూ ఈ ఫోన్లకూ పడదు

చవకలో దొరికే ఏ స్పీకర్ ఫోన్‌కైనా ఒక పరిమితి ఉంది. కొనేముందే తెలుసుకుంటే తర్వాత చిరాకు పడరు. ఫోన్‌లో స్పీకరూ మైకూ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో జానెడు దూరంలో ఉంటాయి. స్పీకర్‌లోంచి వచ్చే గొంతు అదే ఫోన్ మైకులోకి వెళ్తే, అవతలివాళ్ళకు వాళ్ళ మాటే తిరిగి వినిపిస్తుంది. ఇంకాస్త పెరిగితే కూత పెడుతుంది. దాన్ని ఆపడానికి లోపలి సర్క్యూట్ ఒకసారికి ఒక వైపే దారి తెరుస్తుంది. ఎవరి గొంతు పెద్దగా ఉంటే వాళ్ళకే దారి, రెండోవాళ్ళకు ఆ క్షణం మూత. దీన్నే హాఫ్ డూప్లెక్స్ అంటారు.

మనం ఫోన్లో ఎలా మాట్లాడతామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అవతలివాళ్ళు చెబుతున్నంతసేపూ ‘ఊఁ’, ‘ఆఁ’, ‘సరే’, ‘ఆఁ చెప్పండి’ అంటూనే ఉంటాం. ఊఁ కొట్టకపోతే లైన్ కట్ అయిందేమోనని వాళ్ళే ఆగిపోయి ‘హలో, ఉన్నారా?’ అంటారు. హాఫ్ డూప్లెక్స్ ఫోన్లో మీ ఒక్కో ‘ఊఁ’ అవతలివాళ్ళ మాటలో ఒక్కో ముక్కను తినేస్తుంది. క్లయింట్ జీఎస్టీ నంబరు చదువుతున్నాడనుకోండి. తెలంగాణ వ్యాపారి కాబట్టి 36తో మొదలుపెట్టాడు. మీరు ‘ఆఁ’ అన్నారు. ఆ వెంటనే వచ్చిన పాన్ మొదటి రెండక్షరాలు మీ చెవిన పడవు. మొత్తం 15 అక్షరాల నంబరులో ఇలా రెండుచోట్ల జరిగితే మళ్ళీ మొదటినుంచీ చదివించుకోవాలి. చివరి అక్షరం సరిచూసుకోవడానికి పెట్టిందే కాబట్టి తప్పు నంబరు కొడితే పోర్టల్ ఒప్పుకోదు. అదొక్కటే కాస్త నయం.

మీ పని ఎక్కువగా ఇలా అంకెలు రాసుకోవడమే అయితే, చవకలో ఏ మోడల్ కొన్నా ఈ ఇబ్బంది తప్పదు. తగ్గించుకునే దారులు మాత్రం ఉన్నాయి. స్పీకర్ వాల్యూమ్‌ను పూర్తిగా పెంచకండి. మధ్యలో పెట్టండి. ఎంత పెంచితే సర్క్యూట్ అంత తొందరగా అవతలివైపుకు తిరిగిపోయి మీ మాటను మూసేస్తుంది. సీలింగ్ ఫ్యాన్‌ను ఒకటి రెండు పాయింట్లు తగ్గించండి. ఫ్యాన్ గాలి నేరుగా మైకు మీద పడితే ఫోన్ ఆ హోరును కూడా మీ గొంతే అనుకుంటుంది. ఫోన్‌ను గోడ మూలకు నెట్టకుండా, చేతికందే దూరంలో మీ ముందే పెట్టుకోండి. కింద గ్రానైటు, చుట్టూ ఖాళీ గోడలు ఉన్న గదిలో మాట గింగురుమంటుంది. ఓ కర్టెనూ పుస్తకాల అలమరా ఉన్న గదిలో అదే ఫోన్ బాగా పనిచేస్తుంది. రెండు వేలు ఎక్కువ పెట్టి ఇంకో మోడల్ కొనడం కంటే ఇవి సరిచేసుకుంటేనే ఎక్కువ తేడా కనిపిస్తుందని నా అభిప్రాయం.

మైకు రంధ్రం మీద ఫైలో డైరీయో పెట్టేస్తుండటం కూడా చూస్తుంటాను. ‘బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది సార్’ అని అవతలివాళ్ళు అంటే ముందు అది చూడండి.

లైన్ ఎక్కడినుంచి వస్తోంది?

ఫోన్ ఎంచుకునేముందు ఈ ప్రశ్నకు జవాబు తెలియాలి. పాత రాగి తీగ లైనైతే ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు తీగలోనే వస్తుంది. అందుకే ఊళ్ళో కరెంటు పోయినా ఆ ఫోన్ పనిచేసేది. మామూలు ఫోన్లలో స్పీకర్ కూడా చాలావరకు ఆ కాస్త కరెంటు మీదే నడుస్తుంది. సెల్‌ఫోన్ స్పీకర్ అంత బిగ్గరగా వినిపించదు. ఎక్స్ఛేంజికి దూరం పెరిగేకొద్దీ తీగలో కరెంటు తగ్గి స్పీకర్ ఇంకా నీరసంగా ఉంటుంది. వానాకాలంలో జాయింట్లలో తడి చేరితే గరగర వస్తుంది, స్పీకర్ దాన్ని కూడా పెంచి వినిపిస్తుంది. రాగి తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ వాడుతున్నవాళ్ళు స్ప్లిటర్ (ఫోన్‌నూ ఇంటర్నెట్‌నూ విడదీసే చిన్న డబ్బా) పెట్టకుండా ఫోన్ కలిపితే సుయ్యిమనే చప్పుడు ఆగదు. తప్పు ఫోన్‌ది కాదు. మార్చినా ఉపయోగం లేదు.

ఫైబర్‌లో ఈ గొడవలేవీ లేవు. ఫోన్‌కు కావాల్సిన కరెంటు మీ ఇంట్లోని మోడెం ఇస్తుంది. దూరం సమస్య పోతుంది, శబ్దం శుభ్రంగా ఉంటుంది. దానికి బదులు ఇంకో షరతు వస్తుంది: మోడెంకు కరెంటు లేకపోతే ఫోనూ లేదు. ఇన్వర్టర్ పాయింటుకు కలపండి, లేదంటే రౌటర్లకు దొరికే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టండి. కొనేముందు మోడెం అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో చూసుకోండి.

మోడెం హాల్లో, ఆఫీసు వెనక గదిలో ఉంటే పొడుగు ఫోన్ వైరు వేసుకోవచ్చు. రెండు సన్నని తీగలే కాబట్టి పెద్ద ఖర్చేమీ ఉండదు. గోడల్లో పాత టెలిఫోన్ వైరింగ్ ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. కానీ ముందు బయటినుంచి వచ్చే పాత రాగి లైన్‌ను రోజెట్ బాక్సు (గోడ మీద ఫోన్ తీగలు కలిసే చిన్న పెట్టె) దగ్గర పూర్తిగా విడదీయించండి. అటునుంచి ఎక్స్ఛేంజి కరెంటూ ఇటునుంచి మోడెం కరెంటూ ఒకే తీగలో కలిస్తే మోడెం ఫోన్ పోర్టు పాడవుతుంది. ఇది లైన్‌మన్‌తో చేయించాల్సిన పని.

ఏ రకం ఎవరికి

బీటెల్ బీ11, పానసోనిక్ కేఎక్స్-టీఎస్500ఎంఎక్స్ లాంటివి డిస్‌ప్లే, స్పీకర్ లేని మామూలు ఫోన్లు. రోజుకు నాలుగైదు కాల్స్ వస్తే, అవీ రెండు నిమిషాల్లో ముగిసేవైతే, ఇది చాలు. బ్యాటరీల బాధ ఉండదు, ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. స్పీకర్ లేదు కదా అని వీటిని చిన్నచూపు చూడక్కర్లేదు. రిసీవర్‌లో మాట ఏ స్పీకర్‌లోనూ లేనంత స్పష్టంగా వినిపిస్తుంది.

డిస్‌ప్లే, టూ వే స్పీకర్ ఉన్న రకంలో బీటెల్ ఎం59 చాలా చోట్ల కనిపిస్తుంది. పానసోనిక్‌లో కేఎక్స్-టీఎస్880ఎంఎక్స్ ఆ కోవలోది. బీటెల్ అంటే కొత్త కంపెనీ అనుకునేవాళ్ళున్నారు. 1980ల మధ్యలోనే పుష్ బటన్ ఫోన్ల తయారీ మొదలుపెట్టి, తర్వాత ఎయిర్‌టెల్ పెట్టిన భారతీ గ్రూపు తెచ్చిన పేరు అది. ఇంటి ఆఫీసులో రోజంతా ఫోన్ దగ్గర కూర్చునేవాళ్ళకు నేను చెప్పేది ఈ రకమే. ఎవరు చేశారో తెలుస్తుంది, ఎత్తలేకపోయిన కాల్స్ జాబితా ఉంటుంది, కస్టమర్ కేర్‌కు చేసినప్పుడు స్పీకర్ ఆదుకుంటుంది. మోడళ్ళు మారిపోతుంటాయి. పేరు కంటే పెట్టె మీది వివరాలను నమ్మండి.

డిస్‌ప్లే ఉన్న ఫోన్లో రెండు విషయాలు చూడాలి. మొదటిది కాలర్ ఐడీ. ఎవరు చేస్తున్నారన్న సమాచారం లైన్లో రెండు పద్ధతుల్లో వస్తుంది, ఎఫ్ఎస్‌కే, డీటీఎంఎఫ్. మన దేశంలో డీటీఎంఎఫ్ పద్ధతి బాగా వాడుకలో ఉంది. ఇక్కడ అమ్మే ఫోన్లు మామూలుగా రెండింటినీ పట్టుకుంటాయి, పెట్టె మీద ఆ మాట కూడా ఉంటుంది. అమెరికా నుంచి పిల్లలో బంధువులో తెచ్చిచ్చే ఫోన్లతో చిక్కు ఇక్కడే వస్తుంది. వాటిలో చాలావరకు అక్కడి ఎఫ్ఎస్‌కే పద్ధతికి చేసినవి. మోగుతాయి, మాట్లాడొచ్చు, స్పీకర్ బాగుంటుంది, కానీ నంబరు కనిపించకపోవచ్చు. అడాప్టర్ ఉన్న మోడలైతే అది అక్కడి 120 వోల్టులకు మాత్రమే చేసినదేమో చూడకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకండి, కాలిపోతుంది.

రెండోది సున్నా. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలంటే ముందు 0 కొట్టాలన్న నిబంధన ఉంది. మెమరీలో క్లయింట్ల నంబర్లు ఎక్కించేటప్పుడు 0తోనే ఎక్కించండి. వచ్చిన కాల్ నంబరు డిస్‌ప్లేలో సున్నా లేకుండా కనిపిస్తే, కాల్ బ్యాక్ బటన్ నొక్కినా అది వెళ్ళదు. నంబరును దిద్ది ముందు 0 చేర్చే వీలున్న ఫోన్ అయితే రోజూ ఈ తలనొప్పి ఉండదు.

ఇలాంటి ఫోన్లలో కొన్నిటికి డిస్‌ప్లే కోసమో స్పీకర్ కోసమో పెన్సిల్ సెల్స్ వేయాలి. అవి అయిపోయాక లోపలే వదిలేస్తే కారి, స్ప్రింగులు తుప్పు పడతాయి. ఏడాదికోసారైనా మూత తీసి చూస్తుండండి.

కార్డ్‌లెస్ ఫోన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇల్లంతా తిరుగుతూ మాట్లాడేవాళ్ళకు బాగుంటుంది. టేబుల్ దగ్గర కూర్చుని పనిచేసేవాళ్ళకు ఛార్జింగూ బ్యాటరీ మార్చడమూ అదనపు పనులు.

యూఎస్‌బీ స్పీకర్ ఫోన్ పూర్తిగా వేరే వస్తువు. పేరు ఒకటే కావడంతో వెతికేటప్పుడు రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. ఇది గుండ్రంగా ఉండి ల్యాప్‌టాప్‌కు తగులుతుంది, జూమ్, టీమ్స్ మీటింగుల కోసం. ల్యాండ్‌లైన్ సాకెట్‌కు తగలదు. జబ్రా కంపెనీ స్పీక్ 410 కేవలం వైరుతో పనిచేసే పాత మోడల్, స్పీక్2 40 దాని తర్వాతి తరం. ధర ల్యాండ్‌లైన్ ఫోన్‌కు కొన్ని రెట్లు. అయితే ఇందాక చెప్పిన ఊఁ సమస్యకు అసలైన మందు ఈ రకంలోనే ఉంది. ‘ఫుల్ డూప్లెక్స్’ అని రాసి ఉన్నవాటిలో రెండు వైపులవాళ్ళూ ఒకేసారి మాట్లాడినా ఎవరి మాటా తెగదు. మీ పనిలో ముప్పావు వంతు ల్యాప్‌టాప్ మీటింగులే అయితే ల్యాండ్‌లైన్ ఫోన్ మీద డబ్బు పెట్టకండి. దీని మీద పెట్టండి. హైదరాబాద్‌లో కూర్చుని డల్లాస్ టీమ్‌తో రాత్రిళ్ళు మాట్లాడేవాళ్ళకు ఇదే సరి.

ఇన్ని చెప్పడం ఎందుకు, చేతిలో సెల్ ఉందిగా, స్పీకర్ ఆన్ చేస్తే పోలేదా అంటే, చాలామందికి నిజంగానే పోతుంది. ఇంట్లో సిగ్నల్ బాగుండి, పనికి వేరే సిమ్ ఉన్నవాళ్ళు ఈ ఖర్చు పెట్టక్కర్లేదు. గదిలో సిగ్నల్ తెగిపోతూ ఉండేవాళ్ళకు, లైన్ ఎలాగూ ఉచితంగా వచ్చినవాళ్ళకు మాత్రం ల్యాండ్‌లైన్ మేలు.

చిన్న బటన్లు, పెద్ద అవసరాలు

మ్యూట్ బటన్ లేని స్పీకర్ ఫోన్‌ను ఇంటి ఆఫీసుకు కొనొద్దు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంది, గేటు దగ్గర కూరగాయల బండి అరుస్తుంది. హోల్డ్ బటన్ ఉన్నా సరిపోదు. కొన్ని ఫోన్లు హోల్డ్‌లో పాట పెడతాయి, అప్పుడు మీరూ వినలేరు. మ్యూట్‌లో మీరు వింటూనే ఉంటారు, మీ వైపు చప్పుడు మాత్రం వెళ్ళదు. కుక్కర్ విజిల్‌కు ఫోన్ అవతలివైపు మాటను మూసేసే గొడవ కూడా దీంతో తప్పుతుంది.

పక్కనో కిందనో టోన్, పల్స్ అని చిన్న స్విచ్ ఉంటే టోన్‌లోనే ఉంచండి. పల్స్‌లో ఉంటే ‘తెలుగు కోసం ఫలానా అంకె నొక్కండి’ అన్నప్పుడు ఎంత నొక్కినా అటువైపు చలనం ఉండదు.

స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నప్పుడు ఆ సంగతి అవతలివాళ్ళకు ముందే చెప్పండి. క్లయింటు తన అప్పుల గురించో ఇంట్లో ఆస్తి తగాదా గురించో చెబుతుంటాడు, మీ గదిలో ఇంకెవరున్నారో అతనికి తెలియదు. అలాంటి మాట మొదలవగానే రిసీవర్ ఎత్తండి. ఎత్తగానే స్పీకర్ దానంతటదే ఆగిపోతుంది.

ఇంటికి తెచ్చాక

దుకాణాల్లో ఫోన్‌ను లైన్‌కు పెట్టి చూపించడం ఇప్పుడు అరుదు. కాబట్టి అసలు పరీక్ష ఇంట్లోనే, వాపసు గడువులోపే చేయాలి. ఫోన్‌ను మీ టేబుల్ మీద, మీరు రోజూ పెట్టే చోటే పెట్టండి. ఫ్యాన్ మామూలుగా తిరగనివ్వండి. ఇంట్లో ఒకరికి సెల్ ఇచ్చి, మీ గొంతు నేరుగా వినపడనంత దూరం పంపించి, తలుపు వేయండి. స్పీకర్ మీద కాల్ కలిపాక వాళ్ళను పేపర్లో ఓ వార్త చదవమనండి. మీరు మామూలుగా ఊఁ కొడుతూ వినండి. ఎన్ని మాటలు తెగాయో మీకే తెలుస్తుంది. తర్వాత మీరు చదవండి, వాళ్ళు ఊఁ కొట్టాలి. మీ వాక్యాల చివరి మాటలు వాళ్ళకు అందుతున్నాయా అని అడగండి. ఈ ఫోన్లలో ముందుగా తెగేవి అవే.

వాల్యూమ్‌ను ఒక్కో మెట్టు తగ్గిస్తూ ఇదే మళ్ళీ చేయండి. ఏదో ఒక మెట్టు దగ్గర రెండు వైపులా సరిపోతే ఆ ఫోన్ మీ గదికి పనికొస్తుంది. ఏ మెట్టులోనూ కుదరకపోతే, రిసీవర్ ఎత్తి ఒకసారి మాట్లాడి చూడండి. అప్పుడూ గరగర వస్తే లైన్ సంగతి చూడాలి. రిసీవర్‌లో శుభ్రంగా ఉండి స్పీకర్‌లోనే తెగుతుంటే తప్పు ఆ మోడల్‌ది, పెట్టె పారేయకముందే వాపసు పెట్టేయండి.